కాగితం ఎవరి పేరున?

అరకు గిరిజన రైతుల కాఫీ సేంద్రియ సర్టిఫికెట్‌తో ప్యారిస్ దాకా వెళ్లింది. ఏ మందూ ఎరుగని పాలమూరు సీతాఫలం హైవే పక్కన గంపలోనే ఆగిపోయింది. చిన్న రైతు కష్టానికి రుజువు పత్రం ఎలా వస్తుంది? దాని ఖర్చు ఎవరు భరిస్తారు? చివరికి అది ఎవరి చేతిలో ఉంటుంది?

దసరా దగ్గర పడుతుంటే బాలానగర్, జడ్చర్ల చుట్టుపక్కల సీతాఫలం గంపలు రోడ్డు మీదికి వస్తాయి. పొద్దు పొడవకముందే గుట్టలెక్కిన ఆడవాళ్లు కళ్లు విచ్చిన కాయనే తెంపుతారు. కన్నుకూ కన్నుకూ మధ్య పచ్చదనం విరిగి లేత పసుపు తేలితే ఆ కాయ రేపో ఎల్లుండో పండుతుంది. కళ్లు మూసుకున్న కాయను తెంపితే గట్టిపడి నల్లబడుతుందే తప్ప పండదు. చెట్టు దగ్గర ఇంత ఓపిక చూపిన మనిషికి గంప దించాక ఓపిక పట్టే వీలుండదు. మాగిన పండు రెండు రోజులు నిలవదు. పొద్దున చెప్పిన ధర పొద్దు గూకేసరికి కరిగిపోతుంది.

ఉద్యాన శాస్త్రంలో ‘బాలానగర్’ అన్నది ఒక సీతాఫలం రకం పేరు. దేశంలో ఎన్నో చోట్ల తోటలుగా వేసుకున్న ఆ రకానికి పుట్టిల్లు మన మహబూబ్‌నగర్ జిల్లా. గుట్టల మీద దానంతటదే మొలిచే చెట్టుకు యూరియా చల్లేవాళ్లు లేరు, పురుగుమందు కొట్టేవాళ్లు లేరు. మందుల్లేని పండు కోసం నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టే ఇళ్లు గంటన్నర దూరంలో హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అయినా ఈ పండు మీద సేంద్రియ ముద్ర వేసి అమ్మడానికి వీల్లేదు. దాని సంగతి అందరికీ తెలుసు గానీ రుజువు చేసే కాగితం ఎవరి దగ్గరా లేదు.

సీతాఫలం కాపు ముగిసే రోజులకు తూర్పు కనుమల్లో కాఫీ పండు ఎర్రబడుతుంది. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి మండలాల్లో ఎకరం, రెండెకరాల గిరిజన రైతులు బుట్టలు కట్టుకుని తోటల్లోకి దిగుతారు. వాళ్లూ మందు కొట్టరు. వాళ్లలో కొన్ని వేల మందికి ఆ మాటను ప్రపంచం ముందు నిలబెట్టే సర్టిఫికెట్ ఉంది. మన పాలమూరు, నల్లగొండ నేలలో కాఫీ పండదు. అరబికాకు వెయ్యి మీటర్ల ఎత్తు, చల్లని గాలి, దండిగా వాన కావాలి. మనకేమో వానలు తక్కువ, మే నెల ఎండ నలభై దాటుతుంది. అయినా అరకు కాఫీ నడిచిన దారిని మన రైతులు దగ్గరగా చూడాలి. ఆ దారిలో నేర్చుకోవాల్సినవి ఉన్నాయి, జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి.

పోడు కొండ మీద నీడ తోట

ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా పాములేరు లోయలో 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు కాఫీ నాటించాడు. అక్కడి నుంచి అది మెల్లగా అనంతగిరి, చింతపల్లి కొండలకు పాకింది. స్వాతంత్ర్యం తర్వాత అటవీ శాఖ, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ), పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు ఒకదాని తర్వాత ఒకటి పూనుకున్నాయి. చింతపల్లి దగ్గర ఆర్వీ నగర్‌లో ప్రాంతీయ కాఫీ పరిశోధన కేంద్రం వెలిసింది. పోడు కొట్టి బోడిగా మారిన కొండవాలుల్లో ముందు సిల్వర్ ఓక్ చెట్లు నాటారు. ఆ నీడన కాఫీ మొక్క పెట్టారు. ఓక్ మాను మీదికి మిరియం తీగ ఎక్కించారు. ఒకే చెక్కలో మూడు ఆదాయాలు వచ్చాయి, కొండకు మళ్లీ పచ్చదనం వచ్చింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇవాళ రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ తోటలున్నాయి. వాటిలో అటవీ హక్కుల చట్టం కింద పట్టాలొచ్చిన భూములూ ఉన్నాయి.

పంట ఉన్నంత మాత్రాన ధర లేదు. దశాబ్దాల పాటు సంతకొచ్చిన వ్యాపారి చెప్పిందే రేటు. ఎర్ర పండు, పచ్చి కాయ కలిపి దూసి, ఇంటి ముందు నేల మీద ఎండబోసి, తూకంలో మోసపోయి అమ్ముకునేవారు. ఈ తీరు మార్చడానికి జీసీసీ ఏటా ధర ప్రకటించి కొనడం ఒక అడుగు. హైదరాబాద్‌లో 1998లో మొదలైన నాంది ఫౌండేషన్ అండతో 2007లో గిరిజన రైతులే సభ్యులుగా పరస్పర సహాయ సహకార సంఘం ఏర్పడటం ఇంకో అడుగు. సంఘం రైతుల నుంచి ఎర్ర పండునే కొని, తన కేంద్రంలోనే శుద్ధి చేసింది. జీవన ఎరువుల తయారీ నేర్పింది, సేంద్రియ ధ్రువీకరణ తెచ్చింది. 2009 నుంచి ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పేరుతో ఏ ఊరి గింజ రుచి మేలో తేల్చే పోటీలు పెట్టి, విదేశీ రుచి నిపుణులను కొండ మీదికే పిలిపించింది. 2017 ఫిబ్రవరిలో ప్యారిస్ నగరం నడిబొడ్డున అరకు పేరుతోనే దుకాణం తెరుచుకుంది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీసీసీ కూడా చింతపల్లి మండలం గొందిపాకలు ప్రాంత రైతులకు సేంద్రియ ధ్రువీకరణ సంపాదించి పెట్టింది.

డైరీ, పటం, సంచి మీద నంబరు

ఒక్కో రైతు విడిగా సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే తనిఖీ సంస్థకు కట్టే రుసుమే ఎకరం కాఫీ ఆదాయాన్ని మింగేస్తుంది. అందుకే చిన్న రైతులకు సామూహిక ధ్రువీకరణ అనే పద్ధతి పెట్టారు. మన దేశంలో కేంద్ర వాణిజ్య శాఖ 2001 నుంచి నడుపుతున్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద వ్యవసాయ ఎగుమతుల సంస్థ ఎపెడా దీన్ని చూస్తుంది. రైతులు ఒక సంఘంగా కూడి, తమలో తామే తనిఖీ చేసుకునే ఏర్పాటు పెట్టుకోవాలి. అరకు పల్లెల్లో ఇప్పుడు ఈ లోపలి తనిఖీ ఏర్పాటును ఐసీఎస్ (ఇంటర్నల్ కంట్రోల్ సిస్టమ్) అనే పిలుస్తారు.

ఐసీఎస్ కుర్రాడు తోటకు వస్తే ఏం చూస్తాడు? చేతిలో తోట పటం ఉంటుంది. సరిహద్దులు, వాగు, పక్క పొలం అందులో గీసి ఉంటాయి. పక్క పొలంలో మందు కొడితే గాలికి ఇటు రాకుండా మధ్యలో ఎంత జాగా వదిలారో అడుగులతో కొలుస్తాడు. ఇంటి వెనక్కి వెళ్లి మందు డబ్బా ఏదైనా దాచారేమో చూస్తాడు. కంపోస్టు గుంత మూత తీసి చేత్తో పిసికి చూస్తాడు. తర్వాత డైరీ తెరుస్తాడు. ఎరువు ఎప్పుడు వేశారు, నీడ కొమ్మలు ఎప్పుడు నరికారు, ఎన్ని కిలోల పండు దింపారు అన్నీ తేదీలతో ఉండాలి. నూరు చెట్లకు ఎంత కాపు రావాలో అతనికి ఒక అంచనా ఉంటుంది. డైరీలో అంతకన్నా ఎక్కువ కిలోలు కనిపిస్తే పక్కవాళ్ల కాయ ఇందులో కలిసిందా అన్న ప్రశ్న వస్తుంది. చదువు రాని ఇంట్లో ఆ డైరీ రాసేది బడికి వెళ్లే కూతురో కొడుకో.

పండు కోత కూడా లెక్క ప్రకారమే. ఒకే కొమ్మ మీద పచ్చి, దోర, ఎర్ర కాయలు కలిసి ఉంటాయి. ఎర్రవి మాత్రమే కోయాలి కాబట్టి ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు విడతలు వెళ్లాలి. కోసిన పండును నీటి తొట్టిలో పోస్తే పురుగు తిన్నవీ తాలువీ పైకి తేలతాయి. మునిగిన పండును అదే రోజు తొక్క తీసి, జిగురు విడిచేదాకా పులియబెట్టి, కడిగి, నేల తగలకుండా బల్లల మీద ఆరబెడతారు. గింజలో తేమ నూటికి పదకొండు పాళ్ల దగ్గరికి దిగాకే సంచిలోకి ఎత్తుతారు. సంచి మీద ఊరి సంకేతం, లాట్ నంబరు పడుతుంది. దూరదేశపు కొట్లో పొట్లం విప్పినవాళ్లకు అనుమానం వస్తే ఆ నంబరు పట్టుకుని ఊరి దాకా వెనక్కి రాగలగాలి.

ఇదంతా అయ్యాక బయటి తనిఖీ సంస్థ వచ్చి కొందరి తోటలు తిరిగి చూస్తుంది. ఐరోపా కొత్త నిబంధనల ప్రకారం ఏటా సభ్యుల్లో కనీసం 5 శాతం మందిని, పది మందికి తగ్గకుండా చూడాలి. లోపలి తనిఖీయే సరిగ్గా లేదని తేలితే సంఘం మొత్తానికి సర్టిఫికెట్ ఆగుతుంది. ఒకరి తప్పు అందరి మెడకు చుట్టుకుంటుంది కాబట్టి ఊరే ఊరికి కాపలా కాస్తుంది.

ఆ కాపలాకు గట్టి పరీక్ష 2025లో వచ్చింది. కర్ణాటక, కేరళ, తమిళనాడు తోటలను ఏళ్లుగా పీడిస్తున్న కాయతొలుచు పురుగు అరకు ప్రాంతంలో తొలిసారి కనిపించింది. మందు కొట్టడానికి వీల్లేని తోటలో ముఖ్యమైన దారి ఏరివేత. సోకిన కాయను చెట్టు మీద గానీ నేల మీద గానీ మిగల్చకుండా ఏరి నాశనం చేయాలి. చెట్టు కింద రాలిన ఒక్క కాయ ఉన్నా పురుగు మళ్లీ వస్తుంది. సేంద్రియ సాగంటే ఏమీ చేయకుండా కూర్చోవడమని అనుకునేవాళ్లు ఆ ఏరివేత ఒక్క రోజు చూస్తే చాలు.

ఒక్కో ముద్రకు ఒక్కో ప్రశ్న

పొట్లం మీది ముద్రలన్నీ ఒకటి కావు. సేంద్రియ ముద్ర అడిగేది ఏ మందులు వాడారని. ఫెయిర్‌ట్రేడ్ ముద్ర అడిగేది రైతుకు ఎంత ముట్టిందని. 1988లో మెక్సికో చిన్న రైతుల కాఫీతో నెదర్లాండ్స్‌లో మొదలైన ఆ ఉద్యమం ఒక కనీస ధర కట్టింది. కడిగిన అరబికాకు 2023 ఆగస్టు నుంచి అది పౌనుకు 1.80 డాలర్లు. సేంద్రియమైతే మరో 40 సెంట్లు, సంఘం ఉమ్మడి పనులకు 20 సెంట్లు అదనం. 2001లో ప్రపంచ కాఫీ ధర పౌనుకు 50 సెంట్ల కిందికి పడిపోయిన రోజులు తెలిసినవాళ్లకు ఆ కనీస ధర విలువ తెలుస్తుంది. రెయిన్‌ఫారెస్ట్ అలయెన్స్ కప్ప గుర్తు అడవినీ కూలీల స్థితినీ కలిపి చూస్తుంది. అమెరికా స్మిత్‌సోనియన్ సంస్థ ఇచ్చే పిట్టల ముద్ర తోటలో ఎన్ని రకాల నీడ చెట్లున్నాయో లెక్కపెడుతుంది.

భౌగోళిక గుర్తింపు అడిగే ప్రశ్న ఇంకొకటి: ఇది ఎక్కడిది? ఈ ముద్ర మనకు కొత్త కాదు. ఉమ్మడి నల్లగొండ పోచంపల్లి ఇక్కత్‌కు, పుట్టపాక తేలియా రుమాలుకు, ఉమ్మడి పాలమూరు గద్వాల, నారాయణపేట చీరలకు ఇప్పటికే ఉంది. ముద్ర ఉన్నా మిల్లులో అచ్చేసిన నకిలీ గుడ్డ బజారులో చవగ్గా దొరుకుతూనే ఉందని మన నేతన్నలకు తెలుసు. ముద్రను కాపాడే సంఘం బలంగా లేకపోతే ముద్ర బలం కూడా అంతంతే.

ఖర్చు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది

అసలు చిక్కు ఇక్కడుంది. మన దేశంలో సామూహిక ధ్రువీకరణ చాలా చోట్ల రైతుల చేతిలో మొదలు కాలేదు. ఎగుమతి కంపెనీయో మధ్యలో ఉన్న సేవా సంస్థో రైతుల జాబితా రాసుకుని, రుసుము కట్టి, సర్టిఫికెట్‌ను తన చేతిలో పెట్టుకుంది. సేంద్రియ సరుకు ఎగుమతి కావాలంటే సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ప్రతి లాటుకూ ట్రేస్‌నెట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో లావాదేవీ పత్రం తీయాలి. ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్లకే అమ్మాలి. మూడేళ్లు మందు మానేసి దిగుబడి తగ్గినా ఓర్చుకున్న రైతు, ఇంకొకరు మంచి ధర ఇస్తామన్నా సేంద్రియమని చెప్పి అమ్ముకోలేడు. సాగు చేసేది తానైనా పట్టాదారు పాసుపుస్తకంలో పక్కవాడి పేరుంటే ఏమవుతుందో తెలంగాణ రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇదీ అదే.

రైతుకు తెలియకుండా రైతు పేరు జాబితాలోకి ఎక్కడం ఇంకో జబ్బు. మందు కొట్టిన పంటను కూడా ఈ జాబితాల చాటున సేంద్రియమని అమ్మిన ఫిర్యాదులు దేశమంతా వచ్చాయి. 2021 జనవరిలో అమెరికా మన ఎపెడా ధ్రువీకరణను గుర్తించడం ఆపేసింది. అదే ఏడాది చివర్లో ఐరోపా సమాఖ్య మన దేశంలో పనిచేసే అయిదు తనిఖీ సంస్థలను పక్కన పెట్టింది. తప్పు చేసినవాళ్లు వేరు, దెబ్బ తిన్నది నిజంగా మందు మానేసిన చిన్న రైతు.

ఈలోగా నిబంధనలు కూడా మారాయి. ఐరోపా కొత్త సేంద్రియ చట్టం రైతు సంఘానికి చట్టబద్ధమైన ఉనికి ఉండాలంది, సంఘంలో సభ్యులు రెండు వేలు దాటకూడదంది. 2025 జనవరిలో మన దేశం విడుదల చేసిన జాతీయ సేంద్రియ నిబంధనల ఎనిమిదో కూర్పు కూడా సంఘాలు చట్టపరంగా నమోదై ఉండాలని కోరింది. కాగితం రైతు సంఘం పేరు మీదికి రావడానికి ఇది మంచి సందు. సంఘం నమోదు చేసి, లెక్కలు రాసి, ఏటా ఆడిట్ చేయించే చేయి పక్కన లేకపోతే మాత్రం కంపెనీలే పేరుకు సంఘాలు పెట్టించి పెత్తనం మళ్లీ తమ చేతిలోకే తీసుకుంటాయి.

అడవిని నరికి వేసిన పంట కాదని రుజువు అడిగే ఐరోపా చట్టం ఇంకొకటి వస్తోంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన భూమిలో కాఫీ పండిస్తే అక్కడ అమ్మనివ్వరు. పెద్ద కంపెనీలకు దీని అమలు 2026 చివరికి వాయిదా పడింది. పొలం ఎక్కడుందో ఉపగ్రహ అక్షాంశ రేఖాంశాలతో చూపాలి. నాలుగు హెక్టార్లలోపు చెక్కకు ఒక్క బిందువు చాలు. పోడు కొండకు నీడ తిరిగిచ్చిన గిరిజన రైతు ఈ పరీక్షలో సులువుగా నెగ్గాలి. అయితే ఆ బిందువుల పట్టిక కూడా ఎగుమతిదారు కంప్యూటర్‌లోనే ఉండిపోతే రైతు ఇంకో ముడికి చిక్కుతాడు. రైతు సంఘం తన వివరాలను తానే దాచుకుని, ఎవరికి ఇవ్వాలో తానే తేల్చుకోవాలి.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. సర్టిఫికెట్ ధరకు పూచీ కాదు. అరకు కాఫీకి ధర తెచ్చింది ఎర్ర పండునే కోసిన క్రమశిక్షణ, సొంత శుద్ధి కేంద్రం, రుచి పోటీలు, సంఘం బేరం. వాటి మీద సర్టిఫికెట్ చేరింది కాబట్టి పలికింది. అవేవీ లేని చోట కాగితం గోడకు వేలాడుతుంది.

పాలమూరుకు, నల్లగొండకు దారి ఏది?

మన రెండు జిల్లాల పెద్ద పంటల్లో పత్తి ఒకటి. పత్తి రైతుకు సేంద్రియ తలుపు మొదటే మూసుకుపోయి ఉంది. జన్యుమార్పిడి విత్తనానికి సేంద్రియ ధ్రువీకరణ ఇవ్వరు, బజారులో దొరికేదంతా దాదాపు బీటీ విత్తనమే. నాన్ బీటీ మంచి విత్తనం ఊరికి చేర్చకుండా సేంద్రియ పత్తి గురించి ఎన్ని సభలు పెట్టినా లాభం లేదు.

నల్లగొండ బత్తాయికి దారి పొడవుగా ఉంది. శాశ్వత తోటకు మారుదల కాలం మూడేళ్లు. ఆ మూడేళ్లలో కాయ మీద మంగు కనిపించినా, మానుకు బంక తెగులు వచ్చినా పాత మందుల వైపు చూడకూడదు. మంగు కాయకు అడ్తి దగ్గర ధర కోస్తారు, తూకంలో తరుగు తీస్తారు. సేంద్రియ రైతు కాయను కూడా అదే కుప్పలో పోస్తే అతను మూడేళ్లు ఓర్చుకోవడం దండగే. అందుకే మారుదల కాలంలో ఎకరానికి ఇంత అని సాయం, రసం కోసం ఆ పండును విడిగా కొనే ఏర్పాటు రెండూ ముందే ఖాయం చేయాలి. కాగితం పని ఆ తర్వాత.

అన్నిటికన్నా దగ్గరి దారి బాలానగర్ సీతాఫలానిదే. దానంతటదే పెరిగిన అడవి ఫలాలకు జాతీయ సేంద్రియ నిబంధనల్లో ప్రత్యేక అధ్యాయమే ఉంది. ఏ గుట్టలో ఏరుతున్నారో హద్దులు చూపాలి, అక్కడ మూడేళ్లుగా నిషిద్ధ మందు పడలేదని తేల్చాలి, ఏరేవాళ్ల పేర్లు నమోదు చేయాలి, చెట్టు దెబ్బ తినకుండా ఏరాలి. పాలమూరు గుట్టల్లో ఈ షరతులు చాలా వరకు ఇప్పటికే నెరవేరుతున్నాయి, రాసిపెట్టే మనిషే లేడు. నల్లమలలో చెంచులు తీసే తేనెకూ ఇదే అధ్యాయం వర్తిస్తుంది.

దేశంలోపల అమ్ముకోవడానికి ఇంకా తేలికైన పద్ధతి ఉంది. కేంద్ర వ్యవసాయ శాఖ 2011లో తెచ్చిన భాగస్వామ్య హామీ పద్ధతి (పీజీఎస్) కింద అయిదుగురు రైతులు కలిసినా బృందమే. ఒకరి పొలం ఇంకొకరు చూసి, ప్రతిజ్ఞ చేసి, ఒకరికొకరు పూచీ పడతారు. బయటి తనిఖీ సంస్థకు పెద్ద రుసుములు ఉండవు. ఈ పత్రం ఎగుమతికి చెల్లదు, కానీ హైదరాబాద్‌లో సేంద్రియమని అమ్మడానికి చెల్లుతుంది. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు చిరుధాన్యాలకు ఈ పూచీ పద్ధతిని చాలా ముందే ఆచరించి చూపారు. చదువు లేనివాళ్లు తనిఖీ చేయలేరన్న మాటకు వాళ్లే జవాబు.

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. తెలంగాణ విత్తన, సేంద్రియ ధ్రువీకరణ సంస్థ మన రెండు జిల్లాల్లో ఏటా కొన్ని ఊళ్లు ఎంచుకుని, మహిళా సంఘాల పేరుతోనే సర్టిఫికెట్ తీయించాలి. మొదటి మూడేళ్ల రుసుము ప్రభుత్వం భరించాలి, ఆ తర్వాత కొనే కంపెనీ ధరలోనే కలిపి ఇవ్వాలి. చెంచు పెంటల్లో ఈ పని మన్ననూర్ ఐటీడీఏ చేతిలోకి తీసుకోవాలి. జడ్చర్ల దగ్గర సీతాఫలం గుజ్జు తీసి నిల్వ చేసే శీతల గది ఒకటి సంఘం ఆధీనంలో ఉండాలి. పండు ఆగగలిగితేనే బేరం నిలబడుతుంది. సర్టిఫికెట్ నకలు, ట్రేస్‌నెట్ ఖాతా, పొలాల పటాలు సంఘం బీరువాలో ఉండాలి. ఏరేవాళ్ల ఇళ్ల పిల్లల్లో ఇద్దరికి ఆ లెక్కలు రాసే ఉద్యోగం ఇవ్వాలి.

ఏ సంస్థ అయినా ఊరికొచ్చి మీ పంటకు సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. అది ఎవరి పేరు మీద వస్తుంది? మేం ఇంకొకరికి అమ్ముకోవచ్చా? మీరు వెళ్లిపోతే అది మాతోనే ఉంటుందా? మూడింటికీ సూటిగా జవాబు చెప్పిన వాళ్లతోనే కలిసి నడవండి. జవాబు దాటవేసేవాళ్లకు మీ పేరు ఇవ్వకండి. మందు కొట్టకుండా పండించిన పేరు మీ కష్టంతో వచ్చింది, దాన్ని అమ్ముకునే హక్కు కూడా మీదే.